చెరువు రొట్టె, చేను రొట్టె



ఈ పూట మీతో రొట్టెను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. ఎరువుల సంగతీ తెగుళ్ళ సంగతీ చెప్పవలసిన చోట రొట్టె మాటేమిటి, అది వంటింటి ముచ్చట గదా అని మీలో కొందరికి తోచవచ్చు. అయితే మనం దున్నేదీ, విత్తేదీ, కోసేదీ చివరకు వచ్చి ఆగేది పెనం మీదనో, కుండలోనో. ఆ చివరి మెట్టు వైపు మనం చూడడం మానివేసి చాలా కాలమైంది. ధాన్యం తూకం వేయించి, చీటీ తీసుకొని, పైకం లెక్క చూచుకొన్న తరువాత ఆ గింజ ఏ ఊరికి పోయిందో మనకు తెలియదు. మన ఇంట్లో ఉడుకుతున్న గింజ ఎవరు పండించారో అదీ తెలియదు. పట్నంవాడికి తెలియకపోతే సరే, పండించే వాడికీ తెలియకుండా పోయింది. ఇది నాకు చిన్న విషయంగా కనపడడం లేదు.

నెల్లూరు పేరు చెప్పగానే మీకు మొలగొలుకులు జ్ఞాపకం వస్తాయి. పెన్న కింద ఆయకట్టులో వరిదే పెద్దపీట. అన్నం లేనిదే పూట గడవదనుకొనే జిల్లా అది. అటువంటి చోట ఏటా లక్షలాది జనం కూడే పండుగకు పేరేమిటంటే రొట్టెల పండుగ! పట్టణంలో స్వర్ణాల చెరువు ఉన్నది. దాని గట్టున బారాషహీద్ దర్గా ఉన్నది. బారా అంటే పన్నెండు, షహీద్ అంటే ధర్మం కోసం ప్రాణం విడిచినవాడు. పన్నెండుమంది వీరుల సమాధులు అక్కడ ఉన్నాయి. మొహర్రం నెలలో జనం ఆ చెరువు నీటిలోకి దిగి, మోకాలి లోతున నిలబడి, తల మీద కొంగో తువాలో కప్పుకొని, చేత రొట్టె పట్టుకొని ఉంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

ఏం చేస్తారు అక్కడ? మాట చాలా తేలిక. కిందటేడు మీరు ఒక కోరికతో ఇంకొకరి చేతి రొట్టె తీసుకొని తిన్నారనుకోండి. ఆ కోరిక తీరింది. ఈ ఏడు మీరు ఇంట రొట్టె చేసి తెచ్చి, నీటిలో నిలబడి, ఇది ఫలానా రొట్టె అని చెప్పాలి. ఆ కోరిక ఉన్నవాడు వచ్చి మీ చేతిలోనిది తీసుకొంటాడు. అతడిది తీరితే మరుసటి ఏడు అతడు తెస్తాడు. ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, పెళ్ళి రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, ఇంటి రొట్టె అని పేర్లు ఉన్నాయి. ఈమధ్య పరదేశాలకు పోవాలనుకొనే కుర్రవాళ్ళకు కూడా ఒక రొట్టె ఏర్పడింది. మనుషుల అక్కరలు మారితే రొట్టె పేర్లు మారడం సహజమే. తీసుకొనేవాడు హిందువా, ముసల్మానా, క్రైస్తవుడా అని ఇచ్చేవాడు అడగడు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే, నీకు ఏం కావాలి అని.

దీని పుట్టుకకు కథ ఒకటి చెప్పుకొంటారు. ఒకరొకరు ఒక్కోవిధంగా చెబుతారు గాని, సారాంశం ఇది. ఆర్కాటు నవాబుల కాలంలో ఒక చాకలి దంపతులు ఈ చెరువులో బట్టలు ఉతుకుతూ పొద్దుపోయి, గట్టునే పడుకొన్నారట. భార్యకు కలలో ఆ వీరులు కనిపించి, నవాబు భార్య జబ్బుతో ఉన్నది, మా సమాధుల దగ్గరి మట్టి తీసి నుదుట రాస్తే నయమవుతుంది అని చెప్పారట. అలాగే నయమైందట. నవాబు దంపతులు మొక్కు తీర్చుకొనేందుకు వచ్చినప్పుడు అక్కడ రొట్టెలు పంచుకొన్నారని, అదే ఆచారమైందని అంటారు. కథలో నాకు నచ్చిన సంగతి ఒకటి ఉన్నది. మొదలు పెట్టింది సొంత పొలం లేనివాళ్ళు. చాకలికి పూర్వం ఊళ్ళో కూలి డబ్బు ఉండేది కాదు, కళ్ళంలో రైతు కొలిచే మేర గింజలే ఆధారం. పదిమంది కళ్ళాల గింజ ఒక ఇంట్లో కలిసి రొట్టె అయ్యేది. అటువంటి ఇంటి మనిషికి వచ్చిన కలతో నవాబు ఇంటి జబ్బు కుదిరిందని కథ చెబుతున్నది.

మరొక విశేషం. సంక్రాంతి, ఉగాది మన పంటలను అంటిపెట్టుకొని వస్తాయి. మొహర్రం అలా రాదు. ముస్లిముల సంవత్సరం చంద్రుని లెక్క, దానికి 354 రోజులు. కాబట్టి ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది. ఒక ఏడు వానల్లో, కొన్నేళ్ళకు ఎండల్లో, ఇంకొన్నాళ్ళకు చలిలో, సుమారు 33 ఏళ్ళకు తిరిగి మొదటి చోటికి వస్తుంది. అంచేత దీనికి కోతతో పని లేదు. గాదె నిండినప్పుడు వస్తుంది, గాదె అడుగు కనిపించేటప్పుడూ వస్తుంది. ఏ కాలంలో వచ్చినా ఒక రొట్టెకు చాలినంత పిండి ఇంట్లో ఉండవలసిందే.

ఇప్పుడు మీకు బాగా తెలిసిన మాట ఒకటి చెబుతాను. నాగు. విత్తనాలు లేని రైతు పొరుగువాడి దగ్గర నాలుగు కుంచాలు తెచ్చుకొని, పంట వచ్చాక ఆరు కుంచాలు కొలిచి ఇవ్వడం. ఆ వడ్డీలో దోపిడి కూడా ఉండేది, అది నేను కాదనను. పొట్టకు లేనివాడిని ఆ నాగు ఎన్ని ఇళ్ళలో పాలేరును చేసిందో మీ తాతలు చెప్పి ఉంటారు. కాని నెల్లూరు చెరువులో నడిచేది నాగుకు మారురూపం. తీసుకొన్నది రొట్టె, తిరిగి ఇచ్చేది రొట్టె. ఇచ్చినవాడికే తిరిగి ఇవ్వనక్కరలేదు, అతడు మళ్ళీ కనపడడు కూడా. ఎవరికి అవసరమో వాడికి ఇస్తే బాకీ తీరినట్టే. పత్రం లేదు, సాక్షి లేడు. అయినా జనం మరుసటి ఏడు బస్సెక్కి వస్తున్నారంటే, నోట పెట్టుకొన్న ఆ ముద్ద వాళ్ళను పట్టి లాక్కొస్తున్నదన్నమాట. బ్యాంకు అప్పు గురించి మనకిన్ని ఉపన్యాసాలు ఉన్నాయి గాని, ఈ రకం అప్పు గురించి ఒక్కటీ లేదు.

అక్కడ రొట్టె చేసేది చాలావరకు ఇంటి ఆడవాళ్ళు. పిండి తడిపేటప్పుడే, ఇది ఎవరి బిడ్డ కోసమో అని అనుకొంటూ చేస్తారు. ఇంటి రొట్టె తేలేక, దారిలో కొని తెచ్చేవారూ ఉన్నారు. దూరాన్నుంచి వచ్చేవారికి అది తప్పదు. ఎవరినీ తప్పు పట్టవలసింది లేదు. అయినా, కొన్న రొట్టె చేతులు మారినప్పుడు కోరిక ఒక్కటే మారుతుంది. చేసిన రొట్టె మారినప్పుడు ఒక ఇంటి శ్రమ కూడా వెంట పోతుంది. రెంటికీ తేడా ఉన్నదని నా అభిప్రాయం.

సరే, నెల్లూరు చెరువులోని రొట్టె దేనితో చేసింది? గోధుమతో. ఆ గోధుమ నెల్లూరులో పండదు. గింజ పాలుపోసుకొనే రోజులలో గోధుమకు చలి కావాలి. మన దక్షిణాది చలి దానికి చాలదు. ఆదిలాబాదు వైపు కొద్దిగా వేస్తారు గాని, మన ఇళ్ళకు వచ్చే పిండి ఎక్కువగా మధ్యప్రదేశ్‌లోనో, పంజాబులోనో పండిన గింజ. అక్కడి రైతు నవంబరులో విత్తి, మార్చి ఏప్రిల్ నెలలలో కోసి, మండీకి తోలినదాన్ని మనం సంచిలో కొంటున్నాం. మన మొక్కును మోస్తున్నది వాడి చెమట. వాడికి ఆ సంగతి తెలియదు, మనకూ తట్టదు.

గోధుమ మన తెలుగు ఇళ్ళలోకి దండిగా వచ్చిన తీరు పెద్దవాళ్ళకు ఇంకా జ్ఞాపకమే. 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం జరిగింది. ఓడలలో గోధుమ దిగింది. వరుసగా వానలు తప్పి, 1966లో దేశం సుమారు కోటి టన్నుల తిండిగింజలు పైదేశాల నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. రేషను కొట్టులో బియ్యానికి బదులు గోధుమలిస్తే, వాటిని ఏం చేసుకోవాలో తెలియక రవ్వ విసిరి ఉప్మా వండుకొన్న ఇళ్ళు ఎన్నో. 1965లో కేంద్ర ప్రభుత్వం మోడరన్ బేకరీస్ అనే సంస్థను స్థాపించి పట్నాలలో బ్రెడ్డు అమ్మించింది. 2000లో దానిని ప్రైవేటు కంపెనీకి అమ్మివేశారు. మన పల్లెల్లో చాలాకాలం బ్రెడ్డు అంటే జ్వరం వచ్చినవాడి తిండి. ఆస్పత్రిలో ఉన్నవాణ్ణి చూడబోయేటప్పుడు తీసుకొనిపోయేది. దానికి పండుగా లేదు, దేవుడూ లేడు.

అదే 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల పొట్టిరకం గోధుమ విత్తనం మన దేశానికి వచ్చింది. ఇక్కడ ఒక ముచ్చట వినండి, విస్తరణ కార్యకర్తలు ముఖ్యంగా వినవలసినది. ఆ గింజ దిగుబడిలో బ్రహ్మాండం. రంగు మాత్రం ఎరుపు. మన ఉత్తరాది వారికి రొట్టె తేనెరంగులో, మెత్తగా ఉండాలి. ఎర్రగింజ రొట్టె వాళ్ళ కంటికి ఆనలేదు. బజారులో ధర కూడా తగ్గింది. అప్పుడు మన శాస్త్రజ్ఞులు ఆ మెక్సికో సంతతిలోనుంచే పసుపు గింజ ఉన్న మొక్కలను ఏరి, కల్యాణ్ సోనా, సోనాలికా అనే రకాలు తీశారు. అవే ఊళ్ళకు ఊళ్ళు పాకిపోయాయి. జొన్నలోనూ ఇటువంటిదే జరిగింది. 1964లో సి.ఎస్.హెచ్. 1 అని మొదటి సంకరజాతి జొన్న వచ్చింది. దిగుబడి ఉన్నది. కాని వానల్లో కంకి పండి గింజకు బూజు పట్టేది, రొట్టెకు పాత జొన్న రుచి రాలేదని రైతులు పెదవి విరిచారు. అటు యాసంగిలో మాల్దండి, అంటే ఎం 35-1, స్వాతంత్ర్యానికి ముందు నాటి రకం. నేటికీ దాన్ని వదలని ఊళ్ళు ఉన్నాయి. కారణం రొట్టె. దిగుబడి పట్టికలో రొట్టెకు గడి లేదు. తినేవాడు మాత్రం ఆ గడి తానే గీసుకొంటాడు.

ఇక క్రైస్తవుల సంగతి చూడండి. మన పల్లెల్లో వాళ్ళ గుడి లేని మండలం అరుదు. ప్రభురాత్రి భోజనంలో యేసుక్రీస్తు రొట్టె విరిచి శిష్యులకు పంచినందుకు గుర్తుగా సంస్కారం జరుపుతారు. కతోలికులు దివ్యసత్ప్రసాదం అంటారు. వారి నియమం ప్రకారం ఆ అప్పం గోధుమపిండీ నీళ్ళతోనే చేయాలి, మరో ధాన్యం పనికిరాదు. అంటే వరి తిని బతికే ఊళ్ళో కూడా ఆ చిన్న బిళ్ళ మాత్రం చలిదేశపు గింజే. బైబిలును తెలుగు చేసినవారు ఇక్కడొక చిత్రమైన పని చేశారు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మూలభాషలో ఉన్నది రొట్టె అనే మాట. మనవాళ్ళు దాన్ని రొట్టె అనకుండా ఆహారం అని పెట్టారు. దేవుణ్ణి రోజూ రొట్టె అడగడం అన్నం తినేవాడికి వింతగా తోస్తుందని కాబోలు! ప్రభువు విరిచి పంచిన చోట మాత్రం రొట్టె అనే ఉంచారు. నా దృష్టిలో రెండూ సరైన పనులే. అడిగేది ఎవరి తిండి వారిదై ఉండాలి. ఆ రాత్రి ఆయన చేతిలో ఉన్నది మాత్రం రొట్టె, దాన్ని మార్చకూడదు.

ఆయన పుట్టిన బేత్లెహేము అనే మాటకు హెబ్రీ భాషలో రొట్టెల ఇల్లు అని అర్థం. ఆ ఊరి పొలంలోనే రూతు అనే పేద విధవరాలు పరిగె ఏరుకొన్న కథ ఉన్నది. పరిగె అంటే మీకు వేరే చెప్పాలా? కోత అయిన చేలో రాలిన కంకులు ఏరుకోవడం. యూదుల ధర్మశాస్త్రంలో, చేను మూలల దాకా కోయవద్దు, రాలినది ఏరవద్దు, అది పేదలకూ పరదేశులకూ వదలమని ఆజ్ఞ ఉన్నది. మన ఊళ్ళల్లో ఆజ్ఞ లేకుండానే ఆ ఆచారం నడిచేది. కోత యంత్రం వచ్చాక పరిగె ఏరే ఆడవాళ్ళు ఎక్కడున్నారు? యంత్రం వద్దని నేననడం లేదు. కూలీలు దొరక్క మీరు పడే అవస్థ నాకు తెలుసు. పోయినదేమిటో గుర్తుంచుకొంటే చాలు.

తెలుగు సంఘాలలో కోతపండుగ ఇంకా చేస్తున్నారు. మొదటి పంటలో వడ్లు, జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. పెద్ద రైతు పెద్ద బస్తా తెస్తాడు, కూలి చేసే అమ్మ రెండు గుడ్లు తెస్తుంది. వేలంలో ఆ గుడ్లకు బస్తాకన్న మించిన పోటీ వచ్చిన సందర్భాలు ఆ ఊళ్ళవారిని అడిగితే చెబుతారు. మెదకులో 1914 నుంచి 1924 వరకు కట్టిన పెద్ద దేవాలయం మీలో చాలామంది చూసి ఉంటారు. కరవు రోజులలో పనికి వచ్చినవారికి కూడు పెట్టి దాన్ని కట్టించారని చెబుతారు.

మన ఉపనిషత్తుల మాట కూడా ఒకటి చెప్పాలి. తైత్తిరీయంలో భృగువల్లి అనే భాగం ఉన్నది. అందులో అన్నాన్ని కించపరచకపోవడం, అన్నాన్ని విస్తారంగా పండించడం, వచ్చినవాడిని తిప్పి పంపకపోవడం ఇవన్నీ వ్రతాలని చెప్పారు. పూజ అనలేదు, వ్రతం అన్నారు. అంటే రోజూ చేయవలసిన పని. సేద్యం కూడా అందులోకే వచ్చింది. ఈ మాట ఎవరైనా మీకు పురాణంలో చెప్పారో లేదో నాకు తెలియదు గాని, చెప్పవలసింది ముందు మీకే.

నెల్లూరు రొట్టె చెరువుది. ఇప్పుడు చేను రొట్టె దగ్గరికి పోదాం. జహీరాబాదు, నారాయణఖేడు, అటు బీదరు వైపు నల్లరేగళ్ళల్లో ఎల్లమాస అని పండుగ చేస్తారు. పుష్యం ముందు వచ్చే అమావాస్య అది. అప్పటికి యాసంగి జొన్న నిలువెత్తు ఎదిగి కంకి వేస్తూ ఉంటుంది. ఇంటిల్లిపాదీ సజ్జరొట్టెలు, కూరగాయలూ పప్పుగింజలూ కలిపి వండిన బజ్జీ, అంబలి మూట కట్టుకొని చేలోకి పోతారు. చేలో పూజ చేస్తారు. తెచ్చిన దానిలో కొంత చేనంతా తిరిగి చల్లుతారు. తరువాత అక్కడే కూర్చొని తింటారు, దారిన పోయేవారిని పిలిచి పెడతారు. కడుపుతో ఉన్న ఆడపడుచుకు సీమంతం చేసినట్టు పైరుకు చేస్తున్నామని పెద్దవాళ్ళు చెబుతారు. రొట్టె పుట్టిన చోటికే రొట్టెను తీసుకొని పోవడం! పిల్లవాడు ఆ రోజు చేతిలో రొట్టెనూ ఎదురుగా కంకినీ ఒక్కసారే చూస్తాడు. ఇది ఏ బడిపుస్తకంలోనూ ఇంత బాగా చెప్పలేరు.

ఆ చేలే తరిగిపోతున్నాయి. 1970 ప్రాంతంలో మన దేశంలో జొన్న సుమారు కోటీ ఎనభై లక్షల హెక్టార్లలో ఉండేది. ఇప్పుడు నలభై లక్షల హెక్టార్ల దగ్గర ఉన్నది. ఆ భూమిలోకి మన వైపు పత్తి వచ్చింది, సోయా వచ్చింది, బోరు పడ్డచోట వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న తినే ఇల్లు అన్నం తినే ఇల్లైంది. దీన్ని చెడ్డ అని తోసివేసేవారితో నేను ఏకీభవించను. ఆకలి తీరింది. అంతేకాదు, తెల్లవారుజామున లేచి జొన్నలు విసిరి, పొగలో కూర్చొని ఇరవై రొట్టెలు తట్టి, తరువాత కూలికి పోయే ఆడమనిషికి ఆ బియ్యం విశ్రాంతి కూడా ఇచ్చింది. రొట్టె మీద పాటలు కట్టేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. మగవాళ్ళు పెనం దగ్గర కూర్చోవడం నేర్చుకొంటే రొట్టె మళ్ళీ ఇంటికి రావడం సగం సులువవుతుంది. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

కాని ఇవాళ సంగతి ఏమిటి? పత్తి అమ్మిన రైతు పప్పు కొంటున్నాడు, నూనె కొంటున్నాడు, బియ్యం రేషనులో తెచ్చుకొంటున్నాడు, డాక్టరు చెప్పాడని పట్నంలో జొన్నపిండి పొట్లం కొంటున్నాడు. మనదేశం అడిగిన మీదట ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాదు హోటళ్ళలో జొన్నరొట్టెకు గిరాకీ పెరిగింది. పత్తి ధర పడినా, తెగులు తగిలినా ఇంట్లో గింజ ఉన్నవాడికీ లేనివాడికీ ఆ ఏడాది గడిచే తీరు వేరు. ఈ ఒక్క కారణం చాలు నేను చెప్పబోయే పనికి.

నల్లరేగడి ఉన్నవారు పది గుంటలు, అంటే పాతిక సెంట్లు, ఇంటి జొన్నకు విడిచిపెట్టండి. ఎకరానికి నాలుగు కిలోల విత్తనం లెక్కన పది గుంటలకు కిలో చాలు. సెప్టెంబరు చివరినుంచి అక్టోబరు నడిమి లోపల, నేలలో పదును ఉండగా విత్తాలి. ఆలస్యమైతే మొవ్వు ఈగ పట్టుకొంటుంది. గట్ల వెంబడి రెండు మూడు సాళ్ళు కుసుమ వేస్తే ముళ్ళకు జడిసి పశువులు లోపలికి రావు, నూనెగింజా దక్కుతుంది. పిట్టల బాధ తప్పదు. చుట్టూ నాలుగిళ్ళవారు కూడబలుక్కొని పక్కపక్కన వేసుకొంటే కాపలా పంచుకోవచ్చు. ఒంటరి చేనును పిట్టలు మిగల్చవు. పదును బాగుంటే ఆ పది గుంటలలో క్వింటాలు పైచిలుకు రావచ్చు. కిలో పిండికి పన్నెండు రొట్టెలు వేసుకొన్నా, వెయ్యి రొట్టెలకు తక్కువ కాదు. మీ ఇంట్లో ఎన్ని నోళ్ళు ఉన్నాయో మీరే లెక్క చూసుకోండి. చొప్ప పశువులకు మిగులు.

తేలికనేలలు ఉన్నవారు వానాకాలంలో సజ్జ వేసుకోవచ్చు. ఎకరానికి రెండు కిలోల లోపే విత్తనం. సజ్జలో కొవ్వు పాలు ఎక్కువ. పిండి చేసి ఉంచితే కొద్దిరోజులకే చేదు ఎక్కుతుంది. చాలామంది ఒకసారి చేదు తగిలి సజ్జనే మానుకొన్నారు, తప్పు సజ్జది కాదు, నిలవ పిండిది. గింజగా ఉంచి, వారానికి సరిపడా మాత్రమే మర పట్టించుకోండి. గింజను కూడా కొరికితే టక్కుమనేదాకా ఎండబెట్టి దాచాలి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మీరు రైతు ఇంటికి పోయినప్పుడు ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళు అని తప్పక అడగండి. దానితోపాటు ఆ ఇంటి ఇల్లాలిని, ఏ రకం రొట్టె బాగా వస్తున్నదమ్మా, మరునాటికి మెత్తగా ఉంటున్నదా, పిండి నీళ్ళు ఎంత పీలుస్తున్నది అని కూడా అడగండి. కొత్తరకం జొన్న విత్తనం చిన్న మడిలో వేయించినప్పుడు, కోత అయ్యాక అయిదారిళ్ళకు తలా కిలో పంచి రొట్టె చేయించి చూడండి. జహీరాబాదు వైపు దళిత మహిళలు సంఘాలుగా ఏర్పడి పాతపంటల విత్తనాలు దాచుకొని, ఒకరికొకరు బదులిచ్చుకొంటున్నారు. పంట వచ్చాక తీసుకొన్నదానికంటె ఎక్కువ కొలిచి ఇవ్వాలి. వారే 2008లో మాచనూరులో సంఘం రేడియో కూడా పెట్టుకొన్నారు. అక్కడికి పోయి వారు చెప్పేది వినడానికి జిల్లా అధికారులు కూడా మొహమాటపడనక్కరలేదు.

చివరిగా రొట్టె చేయడం కొత్తవారికి. గోధుమలో పిండిని సాగదీసి పట్టి ఉంచే గ్లూటెన్ అనే జిగురు ఉన్నది, అందుకే చన్నీళ్ళతో కలిపినా అప్పడాలకర్రతో పలచగా వస్తుంది. జొన్నలో ఆ జిగురు లేదు. నీళ్ళు తెర్ల కాచి పిండిలో పోసి, గరిటెతో కలిపి, మూతపెట్టి, చెయ్యి పట్టేంత వేడికి వచ్చాక బాగా మర్దించాలి. వేడినీటికి పిండి ఉడికి బంక కడుతుంది. ఒక్కొక్క ఉండ తీసుకొని పొడిపిండి మీద చేత్తో తడుతూ తిప్పాలి. అంచు పగులుతూ ఉంటే తడి చాలలేదన్నమాట. పెనం మీద వేశాక పైవైపు తడిచేత్తో నీళ్ళు రాసి, ఆ తడి ఆరగానే తిప్పాలి. తరువాత నిప్పుల మీద ఒక క్షణం ఉంచితే పొంగుతుంది. మొదటి నాలుగు విరిగిపోతే పోనివ్వండి, వాటిని మజ్జిగలో నానవేసుకొని తినవచ్చు. వచ్చే ఏటి విత్తనానికి మాత్రం కోతకు ముందే చేలోకి పోయి, బూజు లేని నిండుకంకులు ఇరవై ముప్పై ఎంచి, వేరుగా కోసి, కట్టగట్టి పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీయండి. పొరుగువారు అడిగితే వాటిలోనుంచే రెండు కంకులు ఇచ్చి, వచ్చే ఏడు నాలుగు తీసుకోండి.